వేడి మీద స్టార్ట్ కాని బోటు ఇంజను: ఆటోనగర్ పంపు షెడ్డు పనితనం

విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పంపులు (ఇంజనులోకి ఒత్తిడితో డీజిల్ తోసేవి), నాజిళ్ళు (ఆ డీజిల్‌ను సిలిండర్లో తుంపరగా చల్లేవి) బాగుచేసే ఒక షెడ్డు గురించి ఈ రివ్యూ. షెడ్డు పేరు రాయడం లేదు. "ఉన్న పనే తెమలడం లేదు, నువ్వు పేరు పెట్టి ఊరందర్నీ నా మీదకు తోలకు బాబూ" అని మేస్త్రి గారే అన్నారు. అక్కడికి వెళ్ళి బోటు పంపులు చూసే మేస్త్రి ఎవరని అడిగితే టీ కొట్టువాళ్ళు కూడా చూపిస్తారు. పనికి నేను ఐదుకు ఐదు ఇస్తాను. చెప్పిన రోజుకు ఇవ్వడంలో మాత్రం ఐదుకు రెండు కూడా ఎక్కువే.

నాది కృష్ణలో ప్రకాశం బ్యారేజీకి ఎగువన లంక పొలాలకు మనుషుల్ని, ఎరువు బస్తాల్ని తీసుకెళ్ళి, వచ్చేటప్పుడు అరటి గెలలు, పశువుల మేత తెచ్చే బోటు. ఇంజను పాతది. నాలుగు సిలిండర్లు, మొదట లారీలో తిరిగి తర్వాత నీళ్ళ మీదకు వచ్చింది. దానికి ఉన్నది రోటరీ పంపు, అంటే ఒక్కటే రోటర్ తిరుగుతూ అన్ని సిలిండర్లకూ డీజిల్ పంచే రకం. ఇది ముందే చెప్పాలి. ఇన్‌లైన్ పంపు (సిలిండర్‌కు ఒకటి చొప్పున తోసే ముక్కలు వరసగా ఉండేది) ఉన్నవాళ్ళు కింద రాసింది చదివి అచ్చంగా అలాగే చేసేయకండి.

జబ్బు ఇదీ. పొద్దున ఎంత చలిలోనైనా సెల్ఫ్ ఇలా కొడితే అలా అందుకుంటుంది. గంటసేపు నడిచి లంక రేవులో ఆపాక, సరుకు దింపి ఎక్కించే పది పదిహేను నిమిషాల్లో ఏమవుతుందో ఏమో, మళ్ళీ సెల్ఫ్ కొడితే ఇంజను గిరగిరా తిరుగుతుంది గానీ అంటుకోదు. పైన చెక్క మూత తీసి గాలికి వదిలేసి, గట్టు మీద చెట్టు నీడన ముప్పావు గంట కబుర్లు చెప్పుకుని వస్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. చలికాలంలో ఈ గొడవ తక్కువ. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో మాత్రం రోజూ ఇదే వరస. సాయంత్రం పొయ్యి వెలిగించుకునే తొందరలో ఉండే కూలీ ఆడవాళ్ళు, "బాబాయ్, రేపటి నుంచి తలా ఒక గెడ పట్టుకొస్తాంలే" అని నవ్వేవాళ్ళు.

ఎండాకాలంలో అది పరువు సంగతి. వానాకాలంలో ప్రాణం సంగతి. ఆగస్టులో పై నుంచి నీళ్ళొచ్చి గేట్లు ఎత్తారంటే బ్యారేజీ వైపు లాగుడు ఎలా ఉంటుందో ఏట్లో తిరిగేవాళ్ళకు చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల దాకా నీళ్ళు వచ్చాయి. అప్పుడు కొట్టుకొచ్చిన బోట్లు గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లను (గేటు బరువుకు సాటిగా ఉండే దిమ్మలను) గుద్దాయి, వాటిని అక్కణ్ణుంచి తీయడానికి రోజులు పట్టింది. అంత వరదలో ఎవరూ బోటు తీయరు, నిజమే. కానీ మామూలు ప్రవాహంలో కూడా నడి ఏట్లో ఏదో పని మీద ఇంజను ఆపాల్సివచ్చి, అది మళ్ళీ అందుకోకపోతే లంగరే దిక్కు. ఆ టెన్షన్‌తో నేను లంక రేవులో ఇంజను ఆపడమే మానేశాను. ఊరికే తిరుగుతూ అది తాగే డీజిల్ సంగతి ఎవరికి చెప్పుకోవాలి?

ఈ షెడ్డుకు వెళ్ళే ముందు చూసినవాళ్ళంతా ఎవరి చేతిలో ఉన్న పని వాళ్ళు చెప్పారు. కరెంటు పని చేసే అతను సెల్ఫ్ మోటారు విప్పి బ్రష్షులు మార్చాడు. బ్యాటరీ కొట్టు అతను బ్యాటరీ మార్చమన్నాడు. ఇంజను మెకానిక్ ఒకతను సైలెన్సర్ వంక చూసి, పిస్టన్ రింగులు పోయాయి, బోరు చేయించాలని తేల్చేశాడు. బోరంటే సిలిండర్ల లోపలి గోడలు మళ్ళీ కోయించడం, దానికి ఇంజను బోటులోంచి దింపడమే, ఆ సీజను పోయినట్టే. వీళ్ళెవరి మాటా ఊసుపోక చెప్పింది కాదు. వేడి మీద మొరాయించడానికి ఇవన్నీ కారణాలు కాగలవు. వేడెక్కిన సెల్ఫ్ మోటారు ఎక్కువ కరెంటు లాగి నిదానంగా తిప్పుతుంది. అరిగిన రింగులకు ఆయిల్ పలచబడ్డాక కంప్రెషన్, అంటే సిలిండర్లో గాలి నొక్కుడు, నిలవదు. నాకు ఒళ్ళు మండింది ఎక్కడంటే, ఒక్కడూ ఇంజను వేడిగా ఉండగా చూడలేదు. అందరూ పొద్దున్నే చల్లపూట వచ్చి, సెల్ఫ్ కొట్టి, "బానే ఉందిగా" అని, తర్వాత తోచింది చెప్పి వెళ్ళారు.

పంపు మేస్త్రి గారు ఫోన్లో అడిగిన మొదటి మాటే వేరు. "అందుకోనప్పుడు సైలెన్సర్‌లోంచి పొగ వస్తోందా, లేదా?" నేను గమనించే ఉన్నాను కాబట్టి రావడం లేదని చెప్పాను. "అస్సలా?" అస్సలు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు తెల్లపొగ వస్తుంటే డీజిల్ సిలిండర్లో పడుతోంది గానీ మండటం లేదని అర్థమట. అప్పుడు కంప్రెషన్, నాజిళ్ళు, సెల్ఫ్ వేగం చూసుకోవాలి. పొగ ఆనవాలే లేదంటే డీజిల్ లోపలికి పోవడమే లేదు. ఇంత చిన్న ప్రశ్న అంతకు ముందు వచ్చినవాళ్ళలో ఎవరికీ తోచలేదు.

పొద్దున్నే రండని పిలిస్తే రానన్నారు. ఎండ దంచుతుండగా మధ్యాహ్నం రెండింటికి వచ్చారు, ఒక కుర్రాడు, గోనెసంచిలో పానాలు, ఒక మల్టీమీటరుతో. ముందు ఇంజనును చల్లబరిచే నీళ్ళను వడకట్టే స్ట్రెయినర్ విప్పించి చూశారు. కృష్ణలో గుర్రపుడెక్క సంగతి తెలిసిందే, నీళ్ళు లాగే చోట వేళ్ళు అడ్డం పడితే ఇంజను మామూలు కన్నా వేడెక్కుతుంది, అప్పుడు మిగతా లెక్కలన్నీ తప్పుతాయి. స్ట్రెయినర్ శుభ్రంగానే ఉంది, నీళ్ళు కూడా బాగానే వదులుతోంది. అప్పుడు బోటు తీయమని, లంక దాకా వెళ్ళి వచ్చి, రేవులో ఆపించారు. ఆపి, మూత వేసి, టీ తెప్పించమన్నారు. టీ అయ్యేదాకా ఏమీ ముట్టుకోలేదు.

తర్వాత సెల్ఫ్ కొట్టించారు. ఎప్పటిలాగే తిరిగింది, అందుకోలేదు. తిరుగుతుండగా బ్యాటరీ మీద మీటరు పెడితే పదిన్నర వోల్టులు. పన్నెండు వోల్టుల బ్యాటరీ ఆ టైములో తొమ్మిదిన్నర దరిదాపుకి పడిపోతే అనుమానించాలట. సెల్ఫ్ కేబుల్ పొడవునా, టెర్మినళ్ళ దగ్గరా చేయి పెట్టి చూశారు. ఎక్కడైనా చేయి కాలేంత వేడి ఉంటే అక్కడ కరెంటు వృథా అవుతున్నట్టు. లేదు. ఇంజను ఆపడానికి లాగే స్టాప్ వైరు వదిలాక పంపు మీద లీవర్ పూర్తిగా వెనక్కి వస్తోందా అని చూశారు. తుప్పు పట్టిన వైరు సగంలో ఆగిపోయి డీజిల్ కట్ చేసేసిన బోట్లు ఆయన చాలా చూశారట. మాది పూర్తిగానే వస్తోంది. ఫిల్టరు మీద గాలి వదిలే స్క్రూ వదులు చేసి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు చేత్తో కొట్టించారు. బుడగ లేకుండా డీజిల్ వచ్చింది. అంటే పంపు దాకా అంతా సవ్యమే.

అప్పుడు రెండు నాజిళ్ళ దగ్గర పైపు నట్లు కాస్త వదులు చేసి మళ్ళీ సెల్ఫ్ కొట్టించారు. ఆ కుర్రాడు వేలు పెట్టబోతే చేతి మీద ఒక్కటి వేశారు. ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది, పైకి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది, చెయ్యి తీసేసేదాకా రావచ్చు. ఇలాంటివి చూసి నేర్చుకోవాలనుకునేవాళ్ళు ఈ ఒక్కటి గుర్తు పెట్టుకోండి. మొహం, చేతులు దూరంగా ఉంచి చూడాలి. నట్ల దగ్గర ఒక్కో చుట్టుకూ డీజిల్ చిమ్మాలి. మాకు అక్కడ కాస్త తడి తప్ప ఏమీ లేదు.

నట్లు బిగించేశాక ఆయన చేసిన పనిని రేవులో ఉన్నవాళ్ళంతా మూగి చూశారు. గోనెపట్టా ఏట్లో ముంచి పంపుకి చుట్టారు. దాని మీద మగ్గుతో నీళ్ళు పోయించారు, నిదానంగా. పంపు మీద మాత్రమే. ఇంజను హెడ్డు మీద, సైలెన్సర్ మూల మీద ఒక్క చుక్క పడనివ్వలేదు. కాలుతున్న పోత ఇనుము చన్నీళ్ళకు పగులుతుంది. సెల్ఫ్ మోటారుకు ముందే పాలిథిన్ కవరు కట్టించారు. ఇంజను ఆగి ఉన్నప్పుడే ఈ పని. నడుస్తున్న పంపు మీద చన్నీళ్ళు పోస్తే లోపల పట్టేస్తుంది. పంపు మీద చేయి పెట్టి చూసి, "ఇప్పుడు కొట్టు" అన్నారు. రెండు చుట్లు తిరిగిందో లేదో అందుకుంది.

ఇంజను ఇంకా కాలుతూనే ఉంది. చల్లబడింది పంపు ఒక్కటే. కాబట్టి రింగులు, బోరు, సెల్ఫ్, బ్యాటరీ అన్నీ ఒక్క గోనెపట్టాతో కేసులోంచి బయటపడ్డాయి. నేను ఐదుకు ఐదు ఇస్తున్నది ఈ మధ్యాహ్నానికి. తర్వాత జరిగిన రిపేరు మంచి షెడ్డు ఏదైనా చేయగలదు.

ఆయన చెప్పిన వివరం నాకు అర్థమైనంత వరకు ఇది. రోటరీ పంపులో హెడ్, రోటర్ అని రెండు భాగాలుంటాయి. స్థిరంగా ఉన్న హెడ్‌లో రోటర్ తిరుగుతూ ఒక్కో సిలిండర్‌కు డీజిల్ తోస్తుంది. రెండింటి మధ్య సందు మైక్రాన్ల లెక్క. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ సందులో రబ్బరు సీలు గానీ రింగు గానీ ఉండదు, డీజిలే ఆయిలు, డీజిలే సీలు. అరిగి సందు పెరిగినా చల్లని డీజిల్ కాస్త చిక్కన కాబట్టి ఎలాగో నెట్టుకొస్తుంది. వేడెక్కి పలచబడితే తోసేదంతా ఆ సందులోంచి వెనక్కి జారుతుంది. "పేరిన నెయ్యి జల్లెడలో నిలబడుద్ది, కరిగితే నిలబడుద్దా?" అన్నారు. మరి నడిచేటప్పుడు ఎందుకు ఆగిపోదంటే, అప్పుడు పంపు వేగంగా తిరుగుతుంది, జారడానికి వ్యవధి ఉండదు. సెల్ఫ్ తిప్పే వేగం ఇంజను నడిచే వేగంలో ఏ మూలకీ రాదు. నాజిల్ తెరుచుకోవాలంటే రెండొందల బార్ దరిదాపు ఒత్తిడి కావాలి, జారిపోగా మిగిలినదానికి అంత రాదు.

ఆపిన పది పదిహేను నిమిషాలకే ఎందుకు ఎక్కువ అన్నది కూడా ఇందులోనే తేలింది. ఇంజను ఆగగానే చల్లబరిచే నీళ్ళు ఆగిపోతాయి, లోపలి ఇనుములోని వేడి మెల్లగా బయటికి, పక్కనున్న పంపులోకి పాకుతుంది. పైన చెక్క మూత వేసి ఉంటే మరీను. ఆపిన వెంటనే ఉన్నదాని కన్నా కాసేపటికి పంపు ఎక్కువ వేడిగా ఉంటుంది. నేను ఎప్పుడైనా ఆపీ ఆపగానే సెల్ఫ్ కొడితే అందుకునేది, కూలీలు ఎక్కేదాకా ఆగితే అందుకునేది కాదు. ఇన్నాళ్ళూ అదేదో దాని బుద్ధి అనుకునేవాళ్ళం.

అరుగుదలకు కారణం మాత్రం మేస్త్రి గారు బీఎస్6 (పొగ కాలుష్యం తగ్గించే కొత్త ప్రమాణం) డీజిల్ మీద తోశారు. అందులో గంధకం తీసేశారు, జిగురు పోయింది, పంపులు అరిగిపోతున్నాయని. గంధకం తగ్గిన మాట నిజమే. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా అమ్మేది గంధకం 10 పీపీఎం (పది లక్షల వంతుల్లో పది వంతులు) ఉన్న డీజిలే, అంతకు ముందు బీఎస్4లో 50 ఉండేది. కానీ పోయిన జారుడు గుణం కోసం కంపెనీలు వేరే మందు కలుపుతాయి. నా లెక్కన అసలు దొంగ నీళ్ళు. బోట్లవాళ్ళం డీజిల్‌ను ప్లాస్టిక్ క్యాన్లలో తెచ్చి రేవులో ఎండకూ వానకూ పెడతాం, మూత సరిగా ఉండదు, రాత్రి చెమ్మ లోపలే దిగుతుంది. ఆ నీరు పంపులోకి వెళ్తే అక్కడ ఆయిల్ పని చేసేది ఏమీ మిగలదు. ఇది ఆయనతో అంటే, "సరేలే, ఫిల్టరు కింద స్క్రూ తిప్పి నీళ్ళు వదులుతూ ఉండు" అని ఊరుకున్నారు. ఒప్పుకున్నట్టా, విసుక్కున్నట్టా తెలియలేదు.

ఇక షెడ్డు. కుర్చీ లేదు, టైరు మీద కూర్చోవాలి. కానీ లోపల బెంచి గది వేరే, దానికి తలుపు ఉంది, దుమ్ము లేదు. పంపు పని చేసేచోట చూడాల్సింది అదే. క్యాలిబ్రేషన్ బెంచి మీద పంపును మోటారుతో తిప్పుతూ ఒక్కో లైనులో వచ్చే డీజిల్‌ను గాజు గొట్టాల్లో కొలుస్తారు. పాత రోటర్‌తోనే ముందు బిగించి, సెల్ఫ్ తిప్పేంత తక్కువ వేగంలో తిప్పి నాకు చూపించారు. గొట్టాల అడుగు తడిసింది, అంతే. కొత్త హెడ్, రోటర్ వేశాక అదే వేగంలో నాలుగు గొట్టాలూ ఒకే ఎత్తుకు నిండాయి. కస్టమరును పిలిచి ముందూ వెనకా చూపించే షెడ్డు నేను ఇంకొకటి చూడలేదు. నాజిళ్ళు కూడా టెస్ట్ చేస్తే ఒకటి తుంపరగా చల్లకుండా చుక్కలు కారుస్తోంది, దాన్ని మార్చారు.

హెడ్, రోటర్‌లో కంపెనీదీ ఉంది, లోకల్‌దీ ఉంది. రెండు ధరలూ చెప్పి, లోకల్‌ది వేస్తే తన పనికి గ్యారంటీ ఇస్తాను గానీ ముక్కకు ఇవ్వనన్నారు. కంపెనీదే వేయించాను. మజూరీ, సీళ్ళు, నాజిల్, బెంచి చార్జీ అన్నీ కలిపి పదిహేను వేల లోపే అయింది. అందులో పెద్ద భాగం ఆ ముక్క ధరే. బోరు చేయించి ఉంటే ఎంత అయ్యేదో, ఎన్నాళ్ళు రేవులో పడుకోవాల్సి వచ్చేదో లెక్కేసుకుంటే ఇది ఖర్చు అనిపించలేదు. పాత ముక్కలు అడక్కుండానే కవర్లో పెట్టి ఇచ్చారు.

తిట్టాల్సినవి కూడా ఉన్నాయి. గురువారం ఇస్తానన్న పంపు గురువారం రాలేదు, శనివారం రాలేదు. ఫోను ఎత్తరు. ఎత్తితే కుర్రాడు ఎత్తి "మేస్త్రి గారు బెంచి మీద ఉన్నారండి" అంటాడు. బెంచి మీద ఎవరి పంపు ఉందో చెప్పడు. బిల్లు అడిగితే అట్టముక్క మీద అంకెలు రాసిచ్చారు, గట్టిగా అడిగాక గానీ బిల్లు పుస్తకం బయటికి రాలేదు. పంపు బిగించిన మొదటి రోజు ఇంజను స్లోలో నిలకడగా తిరక్కుండా పెరుగుతూ తగ్గుతూ ఉంది. ఫోన్ చేస్తే మర్నాడే రేవుకు వచ్చి టైమింగ్ (సిలిండర్లో డీజిల్ పడే సమయం) కాస్త జరిపి, స్లో స్క్రూ తిప్పి సరిచేశారు. దానికి ఆటో కిరాయి తప్ప పైసా తీసుకోలేదు. ఆ రావడమేదో పంపు ఇవ్వడంలో చూపిస్తే బాగుండేది.

ఆ తర్వాత ఎండలు పోయాయి, ఇంకో ఎండాకాలం కూడా వచ్చింది. లంక రేవులో ఆపుతున్నాను, కూలీలు ఎక్కుతున్నారు, సెల్ఫ్ కొడుతున్నాను, బయల్దేరుతున్నాం. మేస్త్రి గారు చెప్పిన రెండు మార్పులు కూడా చేశాను. ఇంజను పెట్టెకు రెండు వైపులా గాలి ఆడేలా చెక్క కోయించాను. డీజిల్ ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకుంటున్నాను. పంపులోంచి మిగిలిన డీజిల్ వేడిగా ట్యాంకుకే తిరిగొస్తుంది కాబట్టి, అడుగున కొంచెమే ఉంటే అది కూడా త్వరగా కాగుతుంది.

ఇది చూసి పక్క రేవులో పెట్రోల్ అవుట్‌బోర్డ్ (బోటు వెనక తగిలించే ఇంజను) ఉన్న తమ్ముడొకడు తన ఇంజనునూ అక్కడికే మోసుకెళ్ళాడు. తీసుకోలేదు. "పెట్రోలు నా పని కాదయ్యా" అని మొహం మీదే చెప్పారు, అది కూడా నాకు నచ్చింది. పెట్రోల్ ఇంజనుకు వేడి మీద వచ్చే తిప్పలు వేరు. ఆపాక కార్బొరేటర్‌లో, పైపుల్లో పెట్రోలు వేడికి ఆవిరవుతుంది. దాన్ని తరమాలంటే ట్యాంకు గాలి స్క్రూ తెరిచి ఉందో లేదో చూసి, పెట్రోలు పైపు మీది రబ్బరు బల్బు గట్టిపడేదాకా పిసకాలి. దానికీ లొంగకపోతే వేడిగా ఉండగానే ప్లగ్గు తీసి స్పార్క్ చూడాలి. ఇగ్నిషన్ కాయిల్ వేడెక్కితే లోపల తెగిపోయి, చల్లారాక మళ్ళీ కలవడం మామూలే. ఆ తమ్ముడికి చివరికి తేలింది కాయిలే. వేడి ఇంజనుకు చోక్ లాగి ప్లగ్గులు తడిపేసుకునేవాళ్ళ సంగతి ఎంత తక్కువ చెబితే అంత మంచిది.

షెడ్డుకు వెళ్ళేవాళ్ళకు ఇంకొక్క మాట. మీరే పంపు విప్పి తీసుకెళ్తే, విప్పే ముందు ఫ్లాంజి (పంపును ఇంజనుకు బిగించే అంచు) మీదా ఇంజను మీదా కలిసేలా ఉలితో ఒక గీత పెట్టండి, పైపుల మూతులకు శుభ్రమైన కవరు కట్టండి, వేస్ట్ కాటన్ కుక్కకండి, దాని పీచు నాజిల్లో తేలుతుంది. గీత లేకుండా తెచ్చినవాళ్ళను మేస్త్రి గారు వెనక్కి పంపరు గానీ, టైమింగ్ కట్టడానికి రేవు దాకా వచ్చినందుకు వేరే చార్జీ వేస్తారు, ఆ రోజంతా టీ డబ్బులు కూడా మీవే.